చదును వ్యాగన్ల మీద మామిడి తాండ్ర

1974 మే నెలలో రైల్వే సమ్మె మొదలైన రోజే తిరువూరు పిచ్చమ్మ చిన్నరసాల గంపలు కొండపల్లి యార్డులో దిగాయి. భర్త పోయాక ఆవిడ ఒంటిచేత్తో తీయించిన మొదటి కాపు అది. రైల్లో నాగపూరు పంపుదామని యార్డు దాకా లారీ మాట్లాడుకుని వచ్చింది. లారీ వెళ్లిపోయాక తెలిసింది, రైళ్లు కదలవని.

యార్డులో చప్పుడు లేదు. రెండు ఆవిరి ఇంజన్లు నిప్పు ఆరిపోయి పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ఖాళీ వ్యాగన్ల నీడలో ఫైర్‌మన్ యోసేపు, తోటి సమ్మెవాళ్లు కూర్చుని ఉన్నారు.

"ఒక్క బండి కదిలించు నాయనా, కాయ మగ్గిపోతోంది," అని పిచ్చమ్మ బతిమాలింది.

"మీ బాధ తెలుసమ్మగారూ. ఇప్పుడు నేను ఇంజన్లో నిప్పేస్తే మావాళ్లందరికీ ద్రోహం చేసినట్టేనండి," అన్నాడు యోసేపు తల దించుకుని.

వెనక్కి తీసుకుపోదామంటే లారీ దొరకలేదు. రైళ్లు ఆగేసరికి లారీలన్నీ బెజవాడ సరుకుకే పరుగెడుతున్నాయి. గంపల్లోంచి రసం కారడం మొదలైంది. పిచ్చమ్మ గూడ్సు షెడ్డు మెట్ల మీద కూలబడి ఏడ్చింది.

యోసేపు భార్య హన్నమ్మ మంచినీళ్ల చెంబుతో వచ్చింది.

"ఊరుకోండమ్మగారూ. రసాలేగా, తాండ్ర పోద్దామండి. ఈ ఎండకి రోజుకో పొర ఆరిపోద్ది."

"ఎక్కడ పోస్తామే? నేలంతా దుమ్ము, మేకలు!"

హన్నమ్మ పక్కలు లేని చదును వ్యాగన్ల వైపు చూపించింది. "వాటి మీద చాపలు పరుద్దాం. అంతెత్తుకి మేకలు ఎక్కలేవుగా." అంతలోనే ఆమె గొంతు తగ్గింది. "కాకపోతే... మేం చెయ్యి పెట్టిన సరుకు మీవాళ్లు ముట్టుకుంటారో లేదోనండి."

పిచ్చమ్మ చెంబెత్తి నీళ్లన్నీ గడగడా తాగింది. "ముందు చాపలు తీసుకురా తల్లీ," అంది.

సమ్మెవాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లందరూ వచ్చారు. ఏ రోజుకారోజు పండిన కాయలు పిసికి, రసం పలచటి గుడ్డలో వడగట్టి, బెల్లం కలిపి చాపల మీద పోశారు. మగవాళ్లు వ్యాగన్లెక్కి కాకుల్ని తోలారు. స్టేషను మాస్టరు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. పిచ్చమ్మ రాత్రిళ్లు హన్నమ్మ ఇంట్లోనే పడుకునేది. ఆ ఇంట్లో బియ్యం నిండుకుంటున్నాయని గమనించి, తిరువూరు బస్సులో కబురంపి బస్తా బియ్యం తెప్పించింది.

పొర మీద పొర పడి, తాండ్ర అంగుళం మందం అయ్యేసరికి సమ్మె విరమించారు. కోరింది దక్కలేదని మగవాళ్ల ముఖాలు వాడిపోయాయి. యోసేపు వెళ్లి ఇంజన్లో నిప్పు రాజేశాడు. చదును వ్యాగన్లు బండికి తగిలించేలోపు ఆడవాళ్లు చాపలు దింపి తాండ్ర ముక్కలు కోశారు.

పిచ్చమ్మ అందులో సగం వాళ్లకే ఇచ్చేసింది. హన్నమ్మ వద్దంది.

"మీ కాపంతా పోయింది కదండీ, మాకెందుకు?"

"పోయిందని నేనూ అనుకున్నా. మీరు పోనిచ్చారా?" అంటూ హన్నమ్మను గట్టిగా కౌగిలించుకుంది పిచ్చమ్మ.

తిరువూరు బస్సులో కండక్టరు ఆవిడ తాండ్ర మూటలు చూసి, "సమ్మెలో మీ కాయంతా కుళ్లిపోయిందన్నారే, ఇదేంటండీ?" అన్నాడు.

పిచ్చమ్మ మూట విప్పి అతనికో ముక్క ఇచ్చింది, తనూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. "తిని చూడు నాయనా. మా హన్నమ్మ చేసింది."