పాత రంగు

అబ్బులు మావది బొబ్బిలి. వీణలు చేసే ఇంట్లో పుట్టాడు. గల్ఫ్‌లో మీనా సల్మాన్ రేవు దగ్గర మా కంపెనీ షెడ్డులో మాత్రం సామాను పెట్టెలకు మేకులు కొట్టేవాడు. ఊళ్లో వీణ కొనే నాథుడు లేడు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఇక్కడ మేకులు కొట్టాల్సిందే. తొంభై ఆరులో కంపెనీ కొత్త రూలు తెచ్చింది. యాభై అయిదు దాటినవాడికి వీసా ఖలాస్. మావకు యాభై ఎనిమిది.

అప్పుడే మేనేజరు దొర వయొలిన్ చీలింది. బుదైయాలో ఆయనుండే విల్లాలో ఏసీ గాలికి ఎండి పైచెక్క నిలువునా విచ్చింది. బాగుచేసేవాడు ఎక్కడా దొరక్క మావని పిలిపించాడు. నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చని నన్నూ తీసుకెళ్లారు.

దొర దాన్ని ఒళ్లో పెట్టుకుని ఒకటే చెప్పడం. ఇటలీలో క్రెమోనా అనే ఊరట. అక్కడ స్ట్రాడివరి అని గొప్ప పనివాడట. ఇది ఆయన చేసింది కాదు గానీ, ఆ ఊళ్లోనే ఆ రోజుల్లో చేసిందట. స్ట్రాడివరి తొంభై దాటినా ఉలి వదల్లేదట. వయొలిన్ లోపల అంటించే చీటీ మీద తన వయసు కూడా రాసుకునేవాడట.

నేను తెలుగులో చెబితే మావ నోరు తెరిచాడు. "తొంబై దాటినోడ్ని ఎవులూ ఇంటికెల్లిపోమన్లేదేటి?"

నేనది ఇంగ్లీషులో చెప్పలేదు. చెబితే దొర నవ్వేవాడు, అంతే.

"చీలిక కనబడకుండా అతికిస్తే వీసా సంగతి నేను చూసుకుంటా" అన్నాడు దొర.

మావ షెడ్డు మూలన కూర్చుని పైచెక్క ఊడదీశాడు. జిగురు కాచి అతికించాడు. మూసే ముందు లోపల పెన్సిలుతో ఏదో రాశాడు.

"ఏంటది మావా?"

"నా పేరు, మా ఊరు, నా వయసు. ఆ ముసిలోడు రాసుకోగా లేంది నాను రాసుకుంటే తప్పేటి?"

చీలిక వెతికినా కనబడలేదు. కానీ బాగుచేసిన వాయిద్యాన్ని మాసిన ఒంటితో పంపితే బొబ్బిలి పనివాడికి తలవంపులు. మావ ఆ పాత రంగంతా గోకేసి కొత్తగా లక్క పాలిష్ పట్టించాడు. షెడ్డులో ట్యూబులైటు దాంట్లో కనబడింది.

దొర పెట్టె తెరిచి కూలబడ్డాడు. ఏడ్చాడు, నిజంగానే. ఆ రంగే దాని ప్రాణమట. అలా కలపడం ఇప్పుడు ఎవరికీ రాదట.

"ఏటంతన్నాడ్రా?"

"పాత రంగు పోయిందంటున్నాడు."

"ఓలమ్మ! ముందే సెప్పాల గదా. నాను మురికనుకున్నాను."

ఎప్పుడో చచ్చిన పనివాడి రంగుకి అంత ఏడ్చిన మనిషి, ఎదురుగా బతికున్న పనివాడి మొహం చూడలేదు. వారం తిరక్కుండా వీసా కేన్సిల్.

ఎయిర్‌పోర్టు వ్యాను ఎక్కుతూ మావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే పేరయ్యా, లోపల రాసింది మాత్రం దొరకి సెప్పకు. సెరిపేత్తాడు."

చెప్పలేదు.