పడుగులా లాగిన పైపు

ఉట్నూర్ అడవిలో, గుట్ట మీది ఊట నుంచి పిల్లల హాస్టల్ తొట్టి దాకా నల్ల ప్లాస్టిక్ పైపు వేసింది భూమన్న. ఇనుప పైపులే ఎరిగిన ఆ దిక్కుకు అది కొత్త సరుకు. భూమన్న సిరిసిల్ల నేతగాడు. మగ్గం కూడు పెట్టక ఫిట్టర్ అయ్యాడు గానీ చేతులు మాత్రం నేతచేతులే. మాఘమాసపు మిట్టమధ్యాహ్నం, వంద గజాల పైపును వీధిలో పడుగు దారాలు లాగినట్టు బిర్రుగా లాగి, బండల మీదుగా పోగంత తిన్నగా పరిచి, కొసలను ఊట దగ్గరా తొట్టి దగ్గరా ఉన్న ఇనుప మూతులకు తొడిగి తీగ చుట్టాడు. వదులుంటే అతనికి సిగ్గు.

తెల్లారేసరికి తొట్టి దగ్గరి కొస ఊడింది. నీళ్లు వాగు పాలు. మధ్యాహ్నం జీపులో వచ్చి మళ్లీ తొడిగి పోయాడు. మరునాడు మళ్లీ ఊడింది.

ఓవర్సియర్ లింగమూర్తి హాస్టల్ కావలి అంతయ్యను నిలదీశాడు.

"నువ్వుండంగ పైపెట్ల ఊడుతది?"

"పొద్దుగాల మూరెడు ఎడముండె సారు. ఇప్పుడు మల్ల మూతికాడికొచ్చింది."

"పైపుకు కాళ్లున్నయా?"

"ఏమో సారు. నాకైతే రెండే ఉన్నయి. అవి రాత్రంత నెగడుకాడ్నే ఉన్నయి."

"ఇంకోపాలి ఊడితె నువ్వు ఇంటికే."

అంతయ్య ఇంట్లో ఆరుగురికి ఆ కొలువే గింజలు. భూమన్న కొసను మళ్లీ తొడిగి తీగ బిగించాడు. మూతి దాకా వచ్చి పడుకున్న కొసను తన కళ్లతోనే చూశాడు మరి. ముసలాయన మాట ఎట్లా నమ్ముతాడు? అయినా ఆ సాయంత్రం జీపెక్కలేదు.

పొద్దున లేచి చూస్తే అడవంతా పాలు విరిగినట్టు మంచు. కొస ఊడి ఉంది. అంతయ్య చెప్పినట్టే, మూతికి మూరెడు దూరంలో. అంతయ్య ఎప్పటిలాగే ఊట దగ్గర నీళ్లు కట్టేసి వచ్చాడు. భూమన్న దాన్ని ముట్టలేదు, పక్కనే బండ మీద కూర్చున్నాడు. ఎండ చెట్ల సందుల్లోంచి దిగి, నల్లటి పైపు మీద మెల్లగా నడిచింది. అతనికి కన్ను మూతపడింది. కునుకులో సిరిసిల్ల వీధి కనబడింది: గుంజ నుంచి గుంజకు పడుగు, దాని మీద కుంచెతో గంజి రాస్తూ అవ్వ ఐలవ్వ. పడుగు మెల్లగా ఊపిరి తీస్తోంది. కన్ను తెరిస్తే కొస బెత్తెడు ముందుకు వచ్చి ఉంది. మళ్లీ మూశాడు, మళ్లీ తెరిచాడు. ఎవరూ తోయలేదు, గాలి కూడా లేదు. మిట్టమధ్యాహ్నానికి ఆ కొస మూతిని తాకి ఆగింది. చెయ్యి వేస్తే జ్వరమొచ్చిన ఒళ్లులా కాలుతోంది.

"చూసినవా భూమన్నా?"

"చూసిన కాకా. ఎండకు సాగుతంది, చలికి ముడుసుకుంటంది. సాగినప్పుడు బిగేసి కట్టిన నేను."

"అంటె నేను అబద్ధం ఆడలే."

"ఆడలే. మగ్గం దిగేటప్పుడు పడుగు జర సడలించి దిగుతం. గింత తెలిసి గూడ బిర్రుగ కట్టిన."

అదనంగా రెండు మూరల ముక్క అతికి, బండల చుట్టూ పైపును వాగులా వంకర్లు తిప్పి పరిచాడు. సాయంత్రం వచ్చిన లింగమూర్తి మొహం చిట్లించాడు.

"గిదేం వంకర పనయ్య?"

"వంకర గిప్పుడు కావాల్నని పెట్టిన సారు. మొదటి తప్పు నాది. అంతయ్య కాక చెయ్యి పెట్టలే. రాసుకుంటె నా పేరు రాసుకోండ్రి."

"మూడు దినాలు నీళ్లు లేకుంటె చేసినవ్."

"చేసిన."

లింగమూర్తి పైపు వెంట నడిచి చూశాడు. ఏమీ రాసుకోలేదు. ఇద్దరితోపాటు ఆ రాత్రి హాస్టల్లోనే ఉండిపోయాడు.

మంచులో తెల్లారింది. వంకర్లు కొంచెం చిన్నవయ్యాయి, అంతే. లింగమూర్తి దుప్పటి కప్పుకుని వసారాలోకి వచ్చాడు.

"అంతయ్యా, తొట్టి నిండిందా?"

"మీరే చూసుకోండ్రి సారు. నా మాటెందుకు?"

లింగమూర్తి తొట్టి వైపు ఒక అడుగు వేసి, ఆగాడు.

"నువ్వు చెప్తె చాలు."

అంతయ్య తొందరపడలేదు. నిప్పు ఎగదోసి, చుట్ట ముట్టించుకుని, ఒక దమ్ము పీల్చాక అన్నాడు.

"నిండింది."