నీళ్ల పరీక్ష

పెదాల మధ్య మూడు గుండుసూదులు బిగబట్టి, మోకాలితో మిషను పాదం పైకెత్తి, సూదక్క ఆ గుడ్డను ఇంకో జానెడు ముందుకు తోసింది. కాన్వాసు మహా మొండిది. లాగితే రాదు, బతిమాలితే రాదు, భుజం పెట్టి తోస్తేనే కదుల్తుంది. ఇరవై రెండేళ్లుగా తోసీ తోసీ ఆవిడ కుడి భుజం ఎడమ దానికన్నా రెండు వేళ్లు కిందికి దిగింది. తన బట్టలు తను కుట్టుకునేటప్పుడు ఆ తేడా సర్దేసి కుట్టుకుంటుంది. ఎవరితోనూ అనదు. అంటే జాలిపడతారు, జాలంటే ఆవిడకు ఒళ్లు మంట.

ఆవిడ అసలు పేరు జీతాల కాగితంలో ఉంది. షెడ్డులో అందరికీ సూదక్కే. చేతిలో సూది ఉన్నందుకు కొంత, మాటలో ఉన్నందుకు ఇంకాస్త.

షెడ్డు నడిమధ్యలో ట్రైలరు నిలబడి ఉంది. జీపు వెనక తగిలించుకుని రాళ్లూ గుంటలూ దాటించి కొండల్లోకి లాక్కుపోయే రెండు చక్రాల బండి. చూడ్డానికి ఇంతే ఉంటుంది గానీ ఓ సంసారం మొత్తం పడుతుంది. వెనక తలుపు తీస్తే పొయ్యిగట్టు సొరుగులా బయటికొస్తుంది. పక్కన నీళ్ల ట్యాంకు, కింద బ్యాటరీ. పైమూత రెండు వైపులా విప్పితే నలుగురు పడుకునే డేరా. ఇనప పని ఓనరుది, చెక్క పని వడ్రంగిది. గుడ్డ అన్నది ఎక్కడున్నా సూదక్కదే: డేరా, పరుపుల గలీబులు, మడత కుర్చీల సీట్లు, గరిటెలు దోపుకునే జేబుల వరస.

మిషను పక్కన మేకుకి ఆర్డరు కాగితం గుచ్చి ఉంది. ఎవరెక్కడ పడుకోవాలో ఆసామి తన చేత్తోనే బొమ్మ గీసిచ్చాడు. నాలుగు డబ్బాలు. "పెద్దది", "చిన్నది", "ఆవిడ", తలుపు పక్కన "నేను".

ఆ "నేను" అన్న రాత చూసినప్పుడల్లా సూదక్క మిషను ఇంకాస్త గట్టిగా తొక్కేది.

ఐదు వారాల కిందట ఆసామి ఆర్డరివ్వడానికి వచ్చినప్పుడు ఆవిడ వేలాడే కాన్వాసు వెనక కూర్చుని ఉంది. మొహం కనపళ్లేదు. "అబ్బే, అంత అక్కర్లేదండీ" అన్న మాట మాత్రం వినపడింది. ఆ సాగదీత ఎక్కడున్నా పట్టేస్తుంది. తొమ్మిదేళ్లు పక్కన పడుకుని విన్న గొంతాయె. వాడు ఇటు తిరిగి చూళ్లేదు. చూడ్డం వాడికి ఎప్పుడలవాటు గనక!

ఇరవై మూడేళ్ల కిందట ఓ శనివారం ముగ్గురూ కలిసి ఏటి ఒడ్డుకి పోయి రెండు రాత్రులుండాలనుకున్నారు. డేరా ఎవరిదో అడిగి తెచ్చారు. ఆరేళ్ల కూతురు తన దిండు తనే సంచిలో కుక్కుకుని మెట్ల మీద కూర్చుంది. "పెట్రోలు కొట్టించుకొస్తా" అని వాడు బండి తీశాడు. పిల్ల సాయంత్రం దాకా అక్కణ్ణుంచి లేవలేదు. అన్నం అక్కడే తింది. మూడో రోజు వాడి అన్న వచ్చి, నేల చూపులు చూస్తూ, "వాడింక రాడమ్మా" అన్నాడు. విడాకుల కాగితాలు పోస్టులో వచ్చాయి. అంతే. ఒక్క మాట లేదు, ఒక్క తిట్టు తినిపోలేదు. తిట్టించుకోకుండా పోయినందుకే ఆవిడకు ఎక్కువ మంట.

ఆ మనిషి ఇప్పుడు పెళ్లాం పిల్లల్ని డేరాలో పడుకోబెట్టి చుక్కలు చూపిస్తాడట. చూపించు నాయనా, చూపించు.

డేరా కుట్టులో అసలు సంగతి దారం కాదు, బంక. సూది దిగిన ప్రతి బెజ్జమూ నీటికి దారే. అందుకే కుట్టు పొడుగునా లోపలివైపు బంక రాసి, పైన పట్టీ అంటించి, వేడి చేసి నొక్కుతారు. సూదక్క డేరా అంతటికీ అలాగే చేసింది. తలుపు పక్కన, "నేను" అన్న డబ్బాకి సరిగ్గా పైన, ఒక్క జానెడు మాత్రం బంక రాయలేదు. పట్టీ ఉత్తినే అంటించి వదిలేసింది. కొండ మీద మొదటి వానకి చుక్క వాడి నెత్తిన పడుతుంది. ఫోను చేస్తాడు. ఓనరు, "మా సూదక్కని పంపిస్తాను" అంటాడు. తను పోతుంది. నెత్తి తుడుచుకుంటూ నిలబడ్డ ఆ మనిషి ముందుకెళ్లి, బంక డబ్బా కింద పెట్టి, "బాగు చెయ్యమని అడుగు" అంటుంది. వాడు అడగాలి. నోరు తెరిచి తనని అడగాలి. ఐదు వారాలుగా ఆవిడకి అన్నం సయించిందంటే ఆ ఊహతోనే.

మధ్యాహ్నం నీళ్ల పరీక్ష. డేరా మీద నాలుగు బకెట్లు గుమ్మరిస్తారు, కుట్టినవాళ్లే లోపల కూర్చోవాలి. "తడిస్తే వాళ్లకే బుద్ధొస్తుంది" అని ఇప్పటి ఓనరు తండ్రి పెట్టిన పద్ధతి. సూదక్క లోపల్నుంచి ఏం చెబితే అదే ఖాయం, తర్వాత ఎవరూ మళ్లీ చూడరు. ఇన్నేళ్లలో ఎనిమిదిసార్లు తన పని తనే తప్పుపట్టి విప్పి కుట్టింది.

ఓనరూ వడ్రంగీ చెరో నిచ్చెనా ఎక్కారు. సూదక్క పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పైన ధడధడమని నీళ్లు. కాసేపు ఏమీ లేదు. తర్వాత పట్టీ అంచున ఓ చుక్క ఊరింది, లావైంది, టప్పున "నేను" దిండు మీద పడింది. ఇంకోటి. ఆవిడకి ఎంత హాయిగా ఉందంటే నవ్వాగలేదు.

"ఏమంటావక్కా?" ఓనరు పైనుంచి కేకేశాడు.

"ఒక్క చుక్క లేదు!" అంది సూదక్క, ఆ తడి చోటు మీద కొంగు పరుస్తూ.

"ఏంటంత నవ్వు?" అన్నాడు వడ్రంగి.

"నీ సొరుగు చూసి. గట్టిగా లాగితే చేతికొచ్చేట్టుంది."

నాలుగున్నరకి జీపొచ్చింది. సూదక్క కాన్వాసు చాటుకి పోలేదు. ఇవాళ వాడు చూస్తే చూడనీ అనుకుని మిషను దగ్గరే నిటారుగా కూర్చుంది. జీపు తోలేది ఎవరో కుర్రాయన, ఆసామి పెళ్లానికి తమ్ముడట. ఆవిడ దిగింది. పద్నాలుగేళ్ల పిల్లొకతి, తొమ్మిదేళ్ల పిల్లొకతి దిగారు. ఇంకెవరూ దిగలేదు.

"సారు రాలేదాండీ?" అన్నాడు ఓనరు.

"ఆయన పోయారండీ. మొన్న కాక అంతకుముందు ఆదివారం. గుండె." మాట మామూలుగానే అంది, బ్యాగు తాడు మాత్రం వేలికి చుట్టేసుకుంది. "మానేద్దామనే అనుకున్నాను. చిన్నదే పట్టుబట్టింది. నాన్న చోట్లో నేను పడుకుంటానంటుంది."

సూదక్క చెయ్యి మిషను చక్రం మీద ఆగిపోయింది. ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మళ్లీ పోయాడు! మళ్లీ ఒక్క మాట లేకుండా, ఒక్క తిట్టు తినకుండా, సరిగ్గా తను కాచుక్కూర్చున్న రోజుకి జారుకున్నాడు. ఇంత మోసం ఎక్కడన్నా ఉంటుందా?

చిన్నది అప్పుడే నిచ్చెనెక్కి డేరాలోకి దూరింది. తలుపు పక్కన దిండు మీద తల పెట్టి, కాళ్లు బార్లా చాపి పడుకుంది. పైన బంక లేని జానెడు.

"రేపు అటువైపు వానంటున్నారు. ఏం ఫర్లేదుగా?" అన్నాడు కుర్రాయన.

"మా సూదక్క కుట్టింది సార్. సముద్రంలో ముంచినా చుక్క దిగదు," అన్నాడు ఓనరు.

పిల్లల తల్లి మిషను దగ్గరికొచ్చింది. "ఇదంతా మీరే కుట్టారా అక్కా? ఎంత బాగుందో!"

అక్కా! సూదక్కకి ఆ పిలుపు చెంప మీద కొట్టినట్టయింది. పోనీ, తడవనీ, అనుకుంది. నాకేం? నా పిల్ల మెట్ల మీద కూర్చున్నప్పుడు వీళ్లెవరన్నా అడిగారా? తడిస్తే ఆరుతుంది. దారం తుంపడానికి కత్తెర తీసుకుంది, తుంపకుండానే కింద పెట్టింది. డేరాలోంచి చిన్నది, "అమ్మా, ఇక్కణ్ణుంచి బయటంతా కనబడుతోంది!" అని అరుస్తోంది.

ఛీ, వెధవ బతుకు, అనుకుని లేచింది.

"దిగు పాపా. అరగంట పనుంది."

"ఏం పనక్కా? అయిపోయిందిగా?" అన్నాడు ఓనరు.

"కారుతోంది."

"నువ్వేగా చుక్క లేదన్నావు?"

అందరూ ఆవిడవైపే చూస్తున్నారు. బంక డబ్బా చంకన పెట్టుకుని, "అబద్ధం చెప్పాను," అంది.

ఎందుకని ఎవరన్నా అడిగేలోపే నిచ్చెనెక్కింది. అడిగినా చెప్పేది కాదు. లోపల వెల్లకిలా పడుకుని, పట్టీ ఊడబెరికి, బెజ్జం బెజ్జానికీ బంక కూరుతూ వాణ్ణి పళ్లమధ్య తిట్టుకుంది. పిరికిపందా. దొంగా. పెట్రోలు కొట్టించుకోవడానికి ఇరవై మూడేళ్లు పట్టిందా నీకు? తిట్లయిపోయాయి, బంక ఇంకా మిగిలింది. క్షమించిందా అంటే, అంత మంచి మనిషి కాదావిడ. దిండు గలీబు మార్చింది. దిగొచ్చి, "ఇప్పుడు పొయ్యండి నీళ్లు. లోపల నువ్వే కూర్చో," అంది ఓనరుతో.

ఓనరు కూర్చున్నాడు. చుక్క దిగలేదు. బయటికొచ్చాక ఆవిడ మొహం చూడకుండా, "ఇకమీదట లోపల నేనే కూర్చుంటానక్కా," అన్నాడు మెల్లిగా.

"కూర్చో," అంది సూదక్క. బంక డబ్బా మూత బిగించింది.

సామాను సర్దుకునేటప్పుడు పిల్లల తల్లి నాలుగు మడత కుర్చీల్లో ఆయన కోసం చేయించిన వెడల్పాటి కుర్చీ తీసి పక్కన పెట్టింది. "ఇది మాకెందుకులెండి. ఎవరికైనా ఇచ్చెయ్యండి." తల్లీపిల్లలు ఎక్కారు. జీపు కదిలింది, దాని వెనక ట్రైలరు గేటు దగ్గర గుంటలో దిగి, ఊగి, మలుపు తిరిగి పోయింది. చిన్నది చెయ్యూపింది. సూదక్క ఊపలేదు.

షెడ్డు తలుపు వెయ్యబోతూ వెనక్కొచ్చి ఆ కుర్చీని ఒక్క తన్ను తన్నింది. కాలి బొటనవేలు నొప్పెట్టింది. కుర్చీ విచ్చుకుని వెల్లకిలా పడింది. లేపి నిలబెట్టకుండానే తాళం వేసి ఇంటికి పోయింది. పెద్ద మనిషి బరువుకి ఆగాలని రెండు వరసలు ఎక్కువ కుట్టిన దాని సీటు గుడ్డ, ఒక్కసారీ ఎవరూ కూర్చోకుండా, ముడత లేకుండా బిర్రుగా ఉంది.