ఒట్టి ఉయ్యాల

నేను ఒక పాత నారాయణపేట చీరను. మగ్గం మీద నుంచి దిగిన రోజున నా అంచు చూసి మురిసిపోనివాళ్లు లేరు. స్వరూప నన్ను పెళ్లైన కొత్తలో మురిపెంగా కట్టుకుంది, తర్వాత నాట్లకు కట్టుకుంది, చివరికి కట్టుకోవడమే మానేసింది. వెలిసిపోయి పోగులు తేలాక, ఆమె తల్లి నాగవ్వ నన్ను దూలానికి ఉయ్యాలగా కట్టింది. తల్లి కట్టి విడిచిన చీరలోనైతే ఆ వాసనకు బిడ్డ నిద్రపోతుందట. మనుషుల తీరే అంత, పనికిరాదని తీసిపారేశాకే నాకు ఇంత పెద్ద పని అప్పజెప్పారు.

నాలో ఉన్న వాసన మాత్రం సగం చెమటది, సగం కల్లుది. కడుపుతో ఉండగానే భర్త పోయాక, స్వరూప కూలి నుంచి నేరుగా కల్లు కాంపౌండుకు వెళ్లేది. అక్కడి కల్లులో ఈతచెట్టుది తక్కువ, కలిపిన మత్తుమందుది ఎక్కువ. నాగవ్వ వద్దనలేదు. "కల్లు చలువ బిడ్డా, కడుపుల పిల్లకు మంచిది" అని తనే సీసా తెచ్చి పోసేది. ప్రేమతోనే పోసింది.

పాప పుట్టింది. నాలో పడుకోబెడితే ఒళ్లంతా వణికేది, గొంతు చీరుకుపోయేలా ఏడ్చేది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో స్వరూప గోడకు ఆనుకుని కూర్చుని, ఆ ఏడుపును పక్కింట్లో టీవీ మోగుతున్నట్టు వినేది. ఇదేం తల్లి అని ఇరుగుపొరుగు బుగ్గలు నొక్కుకున్నారు.

నాగవ్వకు రోషం వచ్చి కల్లు ఒక్క పూటలో బంద్ చేయించింది. మర్నాటికి స్వరూపకు ఫిట్స్ వచ్చాయి. తల్లినీ బిడ్డనూ ఆసుపత్రికి తీసుకెళ్లారు. పాపకు చుట్టడానికి నన్నూ విప్పి తీసుకెళ్లారు కాబట్టి డాక్టరమ్మ మాటలు విన్నాను.

"ఒక్కసారే ఆపొద్దమ్మా, మందులతోని మెల్లగ మాన్పియ్యాలె. పాప వణుకు గూడ ఆ మత్తుదే. బిడ్డ ఏడిస్తే తల్లి మెదడు లేచి కూసోవాలె, ఎత్తుకుంటే సంతోషపడాలె. ఆ జాగను మత్తు కబ్జా పెట్టింది. ప్రేమ లేక కాదు. టైం పడ్తది."

వణుకు తగ్గాక పాపను స్వరూప అక్క యాదమ్మ తన ఊరికి తీసుకెళ్లింది. "మంచిగై నువ్వే నోటితోని అడిగిన్నాడు తెచ్చిస్త" అంది. స్వరూప తల తిప్పలేదు.

నాగవ్వ నన్ను మళ్లీ దూలానికే కట్టింది. విప్పి ఉంచితే పాప తిరిగి రాదేమోనని ఆమె భయం. ఒట్టి ఉయ్యాల ఊపితే బిడ్డకు అరిష్టమని ఇంకో భయం. తలుపు సందులోంచి గాలి కొట్టినా వచ్చి నన్ను పట్టి ఆపేది. పెట్టె అడుగున మడతల్లో ఉన్నప్పుడు కూడా నాకు ఒంటరితనం తెలియలేదు. పాప పాలవాసన నాలోంచి కొంచెం కొంచెం పోతుంటే తెలిసింది.

నెలలు గడిచాయి. స్వరూప మందులు మింగేది, అన్నం తినేది, నా వైపు చూసేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆమె బియ్యం ఏరుతుండగా పక్కింట్లో పసిపిల్ల ఏడ్చింది. స్వరూప ఒక చెయ్యి చేటలోనే ఉంది. రెండో చెయ్యి వచ్చి నా అంచు పట్టుకుని ఊపసాగింది. చూపు ఇంకా బియ్యం మీదే ఉంది.

పొయ్యి దగ్గర నుంచి నాగవ్వ ఉరికి వచ్చింది. "ఒట్టి ఉయ్యాల ఊపద్దు బిడ్డా."

స్వరూప అప్పుడు నా లోపలికి చూసింది. చాలాసేపు చూసింది.

"అవ్వా, అక్క ఊరికి బస్సు ఎప్పుడున్నది?"

నన్ను ఆపబోయిన నాగవ్వ చెయ్యి నా దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె పొయ్యి ఆర్పడానికి వెళ్లింది. నేను ఊగుతూనే ఉన్నాను.