కొక్కేనికి తగిలించిన గొడుగు

మా కుట్టుపని గదిలో మిషన్లు ఆడుతున్నంతసేపూ పక్కమనిషి మాట వినిపించదు. అన్నాలయ్యాక అంచులు చేత్తో కుట్టే గంటే నిశ్శబ్దం. అప్పుడు నేను కథ చదువుతాను. మిగతావాళ్ళు సూదులాడిస్తూ వింటారు.

ఆ రోజు యజమానురాలు కూడా ఓ లంగా ఒళ్ళో వేసుకుని మా మధ్య కూర్చుంది. ఆవిడని అందరం పెద్దమ్మ అంటాం.

"కథ చదవడం, ఆపైన దాని మీద పంచాయితీ! ఇవాళ్టితో సరి. రేపటి నుంచి అంచులు కూడా మిషన్ మీదే" అంది.

నాకు చదువుకోవడానికి దొరికేది ఆ గంటే. ఇంట్లో పుస్తకం తెరిస్తే చాలు, అందరికీ నాతోనే పని పడుతుంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

కథలో చలికాలం. భార్యాభర్తలు పోట్లాడుకుని మాటలు మానేశారు. ఆమె రోజూ పొద్దున్నే లోపలి గదిలోంచి గొడుగు తెచ్చి వీధితలుపు పక్కన కొక్కేనికి తగిలిస్తుంది. అతను చూడనట్టే వెళ్ళిపోతాడు.

"పొగరుబోతు! ఆ గొడుగుతోనే నాలుగు తగిలించాలి" అంది బట్టలు కత్తిరించే కత్తెరక్క.

"వాడి తప్పేముందే? చలికాలంలో గొడుగెందుకు? ఆ పిల్లకి మతిమరుపు" అంది పెద్దమ్మ.

"మతిమరుపైతే రోజూ అదే కొక్కేనికి ఎలా తగిలిస్తుంది పెద్దమ్మా? వాళ్ళ ఇల్లెలా ఉంటుందో కూడా కథలో లేదు. గొడుగు మాత్రం మాటిమాటికీ వస్తోంది. ఊరికే రాదు కదా" అన్నాను.

పెద్దమ్మ సూది ఆగింది. "అయితే... జాగ్రత్తగా వెళ్ళిరమ్మని నోటితో అనలేక అలా అంటోందన్నమాట" అంది. మరుక్షణం తొడ మీద చరుచుకుంది. "ఏమే, పొద్దున్నే మళ్ళీ లోపల్నుంచే తెస్తోంది కదా? అంటే సాయంత్రం దాన్ని లోపల పెడుతున్నదెవరు?"

ఆమె లోపల పెట్టినట్టు కథలో ఎక్కడా లేదు. ఆ సంగతి చదివే నాక్కూడా తట్టలేదు.

"వాడే! దొంగ సచ్చినోడు, వాడికీ ప్రేముంది" అని కత్తెరక్క అప్పటికప్పుడు అతన్ని క్షమించేసింది.

ఇంకో పేజీ ఉందనగా అంచులన్నీ అయిపోయాయి. ఒకామె లేచి మిషన్ వైపు నడిచింది. నేను పుస్తకం మూయబోయాను.

"ఆగండే!" పెద్దమ్మ గుండీల డబ్బా తెచ్చి మా మధ్య పెట్టింది. "ఇక నుంచి గుండీలు కూడా చేత్తోనే కుట్టండి. మిషన్ కుట్టు ఊడిపోతోంది."

"నిన్నటిదాకా ఊడలేదే పెద్దమ్మా?" అంది కత్తెరక్క.

"నోరు మూసుకుని సూదిలో దారం ఎక్కించు. నువ్వు చదవ్వే అమ్మాయీ, వాడు గొడుగు తీసుకెళ్ళాడా లేదా?"

నేను పేజీ తిప్పాను.