ముప్పై ఎనిమిదో పోగు

జుమాకాదిర్ కత్తి నూరుతున్నాడు. వాకిట్లో బోర్లించిన బకెట్ మీద కూర్చుని, ఏటిరాయి మీద నీళ్ళు చిలకరించి, అలుగును ముందుకీ వెనక్కీ నిదానంగా తోస్తున్నాడు. పాత లారీ స్ప్రింగుపట్టీతో చేయించిన కత్తి అది. ఒకప్పుడు మూడు వేళ్ళ వెడల్పుండేది. యాభై ఏళ్ళుగా నూరుతుంటే చిటికెనవేలంత సన్నబడింది. దాన్ని పట్టుకున్న చెయ్యి కూడా అలాగే అరిగిపోయింది. బొటనవేలి మీద పాత గాటు, గోళ్ళ అంచుల్లో ఎంత కడిగినా వదలని గొర్రెకొవ్వు వాసన.

"ఇంకెంత నూరతావయ్యా? నీ చప్పుడు విని ఎద్దు ఈపాటికే చచ్చుంటుంది," అంది భార్య బాత్మా, టీ గిన్నె అందిస్తూ.

"మొండికత్తి పెడితే కీలు చితుకుద్ది. కీలు చితికితే ఊరు నవ్వుద్ది."

"డెబ్బై ఆరేళ్ళొచ్చినా ఊరు నవ్వుద్దనే బెంగే నీకు."

అతను నవ్వి టీ తాగాడు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఎడమ భుజం కింద పట్టేసినట్టుంది. ఆ మాట బాత్మాకు చెప్పలేదు. చెబితే ఇవాళ ఇల్లు కదలనివ్వదు.

ఇవాళ వాన మొక్కు. ఏటా వసంతంలో ఊరంతా ఏటి ఒడ్డున చేరి, పశువును కోసి, వానల కోసం, మందల క్షేమం కోసం దువా చేస్తారు. ముప్పై ఎనిమిది గడపలు. ఉన్నవాళ్ళు పశువును ఇస్తారు, లేనివాళ్ళు బియ్యమో ఉల్లిపాయలో నాలుగు కట్టెలో తెస్తారు. ఎవరేం తెచ్చినా ఇంటికో మాంసం పోగు, పోగులు మాత్రం సమానం. జుమాకాదిర్ బడిలో బొగ్గుపొయ్యి చూసే పనివాడిగా బతికి, అక్కడే రిటైరయ్యాడు. అతని పేరు ఏ గోడ మీదా లేదు. కానీ పోగు వేయాలంటే అతనే వేయాలి. అతను వేసిన పోగులో ఒక పిడికెడు ఎక్కువనిగానీ తక్కువనిగానీ యాభై ఏళ్ళలో ఎవరూ అనలేదు. ఒక్కసారి తప్ప. ఆ మాట కూడా ఇంకెవరూ అనలేదు. తనకు తనే అనుకున్నాడు.

కత్తిని నడికట్టులో దోపుకుని బయల్దేరాడు. దారిలో అనార్‌కాన్ ఇంటి ముందు ఆగాడు. ఆమె వాకిట్లో పిడకలు తిరగేస్తోంది. పదేళ్ళుగా ఆమె మొక్కుకు రావడం లేదు.

"వదినా, పద. ఇవాళ నీతో పనుంది."

"తేవడానికి నా ఇంట్లో ఏముంది? చేతులూపుకుంటూ వచ్చి పోగు మోసుకుపొమ్మంటావా? ముష్టిదాన్నా నేను?"

"చేతులెవరిక్కావాలి? నోరు పట్టుకురా. అదొక్కటీ నీకు కొదవ లేదుగా."

ఆమె పిడక విసరబోయి ఆగింది. అతను నవ్వు ఆపి చెప్పాడు: "పేర్లు పిలిచే ముసలాయన మొన్న శీతాకాలంలో పోయాడు. పోగులు కనపడకుండా వెనక్కి తిరిగి కూర్చుని, ఏది ఎవరిదో పేరు పిలిచే మనిషి కావాలి. ఎవరికీ మొహమాటపడని మనిషి. ఊళ్ళో ఇంకెవరున్నారో చెప్పు."

 అనార్‌కాన్ చేతులు కడుక్కుని తెల్లటి తలగుడ్డ మార్చుకుంది. ఇద్దరూ ఏటివైపు నడిచారు. ఆమె నాలుగడుగులు వెనకగా నడుస్తోంది. మధ్యలో ఎక్కడైనా తిరిగిపోతుందేమోనని అతను చెవులు రిక్కించి వింటూ నడిచాడు. ఈ ఒక్క ఏడు ఆమె చేత పోగు ఎత్తిస్తే చాలు. మళ్ళీ వసంతానికి తన భుజం ఇంత దూరం రానిస్తుందన్న నమ్మకం అతనికి లేదు.

తనను తనే తప్పుపట్టుకున్న ఆ ఒక్కసారి ముప్పై ఏళ్ళ కిందటి మాట. సర్కారు నడిపిన సమష్టి వ్యవసాయ క్షేత్రం రద్దయినప్పుడు దాని ఉమ్మడి మందను ఇళ్ళకు పంచాలన్నారు. "జుమాకాదిర్ చెయ్యి న్యాయమైన చెయ్యి, అతన్నే పంచనీ," అంది ఊరు. అతను మాంసం పోగులు వేసినట్టే గొర్రెల్ని వేశాడు. ప్రతి ఇంటికీ ముసలివి ఇన్ని, ఈడువి ఇన్ని, పిల్లలు ఇన్ని. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆ రాత్రి అతను గర్వంగా నిద్రపోయాడు. నలుగురు కొడుకులున్న ఇంటికీ, ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టిన సోరోన్ ఇంటికీ అవే గొర్రెలు. కానీ గడ్డి కోసే చేతులు అవే కావుగా. ఆ చలికాలం సోరోన్ మందలో సగం ఆకలితో చచ్చింది. మిగతా సగం మందులకు అమ్ముడుపోయింది. మూడో చలికాలానికి ఊరి గొర్రెల్లో చాలా మటుకు ఒకే దొడ్లో చేరాయి. అలా అని ఆ దొడ్డివాడు దొంగ కాడు. కష్టపడ్డాడు, కొనుక్కున్నాడు. మరి తప్పెక్కడుంది? ఐదుపూటలా నమాజు తర్వాత జుమాకాదిర్ ఇదే అడిగేవాడు. సోరోన్ పోయాడు. అతని భార్యే ఈ అనార్‌కాన్.

ఏటి ఒడ్డున ఎద్దును కట్టేసి ఉంచారు. అది ఆ దొడ్డివాడి కొడుకు బెక్‌మురాత్ ఇచ్చింది. ముల్లా దువా చేశాడు, జుమాకాదిర్ బిస్మిల్లా అని పని మొదలుపెట్టాడు. చర్మం ఎక్కడా చిల్లుపడకుండా వచ్చింది. గొడ్డలి ముట్టుకోలేదు. కత్తిమొన కీలు దగ్గర చిన్నగా తిరిగేది, ఎముక దానంతటదే విడివడేది. కుర్రకారు చుట్టూ మూగి చూశారు. టార్పాలిన్ మీద పోగులు వరసగా లేచాయి.

అప్పుడు బెక్‌మురాత్ వచ్చి అందరూ వినేలా అన్నాడు: "బాబాయ్, నా పోగు వద్దు. నా ఇంట్లో ఉంది. లేని ఇళ్ళు పదకొండు ఉన్నాయి, వాటికి ఎక్కువ వెయ్యి. పేర్లు నేను చెబుతా."

వెనక అనార్‌కాన్ లేచి నిలబడిన చప్పుడు జుమాకాదిర్‌కు వినపడింది.

"పేర్లు చెప్పకు నాయనా," అన్నాడు కత్తి ఆపకుండానే. "ఎద్దు నీ ఇంటి నుంచి వచ్చేదాకా నీది. దువా అయ్యాక ఊరిది."

"మంచి చెయ్యబోతే కూడా తప్పేనా? ఆనాడు నువ్వు సమానంగా పంచావుగా, ఏమైంది? మూడేళ్ళు నిలిచిందా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నేల చూపులు చూశారు. జుమాకాదిర్ కత్తిని గడ్డికి తుడిచాడు.

"నిలవలేదు. నిజమే. గొర్రెల్ని పంచా, గడ్డిబీడు పంచటం మరిచా. బలం లేని ఇంటికి ఎక్కువ వెయ్యాలని తోచలా నాకు. నువ్వన్నది న్యాయమేరా. ఎక్కువే ఇయ్యి. కోతలప్పుడు నీ బీట్లో వాళ్ళని కోసుకోనియ్యి, పాలావుని వాళ్ళ గడపలో కట్టెయ్యి. కానీ పోగు దగ్గర మాత్రం ఎవరింటి పేరూ చిన్నది కాకూడదు."

బెక్‌మురాత్ ముఖం ఎర్రబడింది. టోపీ తీసి మళ్ళీ పెట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. అనార్‌కాన్ పోగులకు వీపు పెట్టి రాయి మీద కూర్చుంది.

"ఇదెవరిది?" కత్తిమొనతో ఒక పోగు చూపించి అడిగాడు జుమాకాదిర్.

"కుమ్మరి తోక్తోగుల్‌ది."

"ఇదెవరిది?"

"బెక్‌మురాత్‌ది. వద్దన్నా తీసుకోవాల్సిందే!"

జనం గొల్లుమన్నారు. పేర్లు సాగాయి. ఆమె ఒక్కసారైనా తడుముకోలేదు. ఇరవయ్యో పోగు దగ్గర ఆగింది.  జుమాకాదిర్ మళ్ళీ అడగలేదు, ఎదురుచూశాడు.

"సోరోన్ ఇంటిది," అంది ఆమె గట్టిగా. "నాది."

అతను తలవంచి తరవాతి పోగు చూపించాడు. కళ్ళు మసకబారడంతో లెక్కపెట్టకుండా చూపిస్తూ పోయాడు. చివరి పోగుకు కూడా ఎవరిదో పేరు పడింది.

"ఇంకొక్కటుంది," అంది అనార్‌కాన్. "జుమాకాదిర్ ఇంటిది."

టార్పాలిన్ ఖాళీగా ఉంది. అతను ముప్పై ఏడే వేశాడు. తన గడపను లెక్కించుకోలేదు. పోగుల లెక్కలో యాభై ఏళ్ళలో మొదటి తప్పు.

"ఓయబ్బో! మా మరిదికి లెక్క తప్పింది!" అంది ఆమె ఇటు తిరిగి. కుర్రాళ్ళు ఈలలు వేశారు. అతను సిగ్గుపడి, పర్లేదు, పర్లేదంటూ చేతులు ఊపాడు. అనార్‌కాన్ వినలేదు. అతని నడికట్టు లాగి నేల మీద పరిచింది. తన పోగులోంచి కొవ్వున్న ముక్క ఒకటి కోసి దాని మీద పెట్టింది. పదేళ్ళలో ఆమె ఊరికి ఇచ్చిన మొదటి వస్తువు అదే. పెట్టి, గెడ్డం ఎత్తి అందరి వంకా చూసింది.

తరవాత కుమ్మరి పెట్టాడు. బెక్‌మురాత్ తన పోగులోని తొడమాంసం మొత్తం పెట్టాడు. ఎంత పెట్టాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ కొలవలేదు. ముప్పై ఏడు చేతులు వచ్చి వెళ్ళాయి. ఇలాగే ఆ చలికాలంలో ఒక్కో ఇల్లూ సోరోన్ మందకు ఒక్కో మోపు గడ్డి వేసి ఉంటే! జుమాకాదిర్‌కు ఆ ఆలోచన వచ్చింది. తనకు తోచనిది ఇవాళ వీళ్ళకెలా తోచిందో పైవాడికే తెలియాలి. పోగు అతని మోకాలి ఎత్తు లేచింది.

"ఒక్కటైనా తిన్నగా కోశారట్రా?" అన్నాడు.  కానీ మూట భుజాన వేసుకుని ఊరి మధ్య నుంచి, దగ్గరి దారి వదిలేసి, అందరికీ కనపడేలా చుట్టుతిరిగి ఇంటికి నడిచాడు.

పొద్దు వాలేవేళ అసర్ నమాజు చేసి, మూటను కొయ్యకు తగిలించి, కంబళి మీద ఒరిగాడు. "బాత్మా, టీ పొయ్యవే," అన్నాడు. ఆమె కెటిల్ తీసుకుని తిరిగి వచ్చేసరికి అతని చెయ్యి ఛాతీ మీద ఉంది, వేళ్ళు కత్తి పట్టినట్టే వంగి ఉన్నాయి. కదల్లేదు.

మర్నాడు పరామర్శకు వచ్చేవాళ్ళ కోసం వాకిట్లో చావు గుడారం వేశారు. అనార్‌కాన్ అందరికంటే ముందొచ్చి పొయ్యి రాజేసింది. వచ్చినవాళ్ళకు వండడానికి మాంసం అడిగితే బాత్మా ఇంకో గొర్రెను కోయించింది గానీ కొయ్య మీది మూటను ముట్టుకోనివ్వలేదు. మాసిన నడికట్టులో, వంకరటింకరగా కోసిన ముప్పై ఏడు ముక్కలతో, ముడి సందులో దోపిన ఆ అరిగిన కత్తితో, అది సాయంత్రం దాకా అక్కడే బరువుగా వేలాడింది.