తలుపు వెనక ప్రార్థన

తొమ్మిదో నెల వచ్చిన దగ్గర్నుంచీ ఎస్తేరు రోజూ స్నానం చేసి, మామిడికుదురులోని పుట్టింటి గదిలో తలుపేసుకునేది. వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుని, బిడ్డ బయటికొచ్చే దారి అంచును ఐదు నిమిషాలు మెల్లగా కిందికీ పక్కలకీ సాగదీసేది. పరీక్షలకు వెళ్ళినప్పుడు నర్సమ్మ నేర్పిన పద్ధతి అది. "ఇలా చేసుకుంటే చిరగడం తగ్గుద్దమ్మా, కోత కూడా అక్కర్లేకపోవచ్చు" అని చెప్పింది. మొదట్లో మంటగా ఉండేది. తర్వాత్తర్వాత ఏమీ అనిపించేది కాదు. గోడ మీది క్యాలెండరు చూస్తూ చేసుకుపోయేది.

బయట అరుగు మీద తల్లి జయమ్మ కాపలా కూర్చునేది. ఎవరొచ్చి అడిగినా, "అమ్మాయి ప్రార్థనలో ఉందండీ" అనేది. మరింకేం చెబుతుంది? నెల తిరక్కుండానే ఎస్తేరు భక్తి పేటంతా పాకిపోయింది.

నొప్పులొచ్చాక ఆసుపత్రిలో బల్ల మీద పడుకోబెట్టారు. బిడ్డ తల కనిపించగానే డాక్టరమ్మ కత్తెర అందుకుంది.

"నెల్రోజుల్నించీ నూనె రాసుకుంటున్నానండీ, కొయ్యద్దండీ" అంది ఎస్తేరు.

"తొలికాన్పు కదమ్మా, అందరికీ కోసేదే" అంది ఆవిడ తలెత్తకుండానే. మత్తుసూది పొడిచారు. కత్తెర చప్పుడు మాత్రం వినపడింది.

మూడోరోజు పాస్టరుగారు చూడ్డానికి వచ్చారు. కుట్ల మీద కూర్చోలేక ఎస్తేరు ఒక పక్కకి ఒరిగి ఉంది.

"రోజూ తలుపేసుకుని మోకరించేదానివంట కదమ్మా! ప్రభువు నీ మొర ఆలకించేడు" అన్నారాయన.

జయమ్మ తల దించుకుంది.

"ఆయ్" అని తలూపింది ఎస్తేరు.